రెండు కిలోబైట్ల ఇంట్లో నాలుగు కిలోబైట్ల సామాను

ఏప్రిల్ 4

కదిరి దగ్గర మా ఊళ్లో, వేరుశనగ విత్తనం నిల్వ చేసే రేకుల గదిలో ఈరోజు సెన్సరు అమర్చాను. గోనె సంచుల నిండా కె-6 రకం కాయలు. తొలకరి పడేదాకా అవి అక్కడే ఉండాలి. ఎండాకాలం వేడికి గింజ మొలకశక్తి తగ్గుతుందని నాన్నకు బాగా తెలుసు. ఆయనకు తెలియనిది సంచి లోపల ఏ పూట ఎంత వేడి ఉంటుందన్నదే. "ఏమ్మా, ఎక్కువ వేడి ఎప్పుడెప్పుడు తగిలిందో నీ డబ్బా వరుసగా చెబుతుందా?" అని అడిగారు. చెబుతుందన్నాను. ఆ 'వరుసగా' అన్న మాటలో ఎంత పని దాగి ఉందో అప్పటికి ఆలోచించలేదు.

సామాను ఇది: ఆర్డుయినో ఊనో అనే చిన్న కంప్యూటరు బోర్డు, డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సరు, డీఎస్3231 గడియారం మాడ్యూలు, రెండు వరుసల చిన్న తెర. గడియారం మాడ్యూలు మీదే ఏటీ24సీ32 అనే మెమరీ చిప్పు కూడా ఉంటుంది. దాని సామర్థ్యం 4,096 బైట్లు. కరెంటు పోయినా అందులో రాసింది చెరగదు. మా ఊళ్లో వేసవి సాయంత్రాలు గాలి లేస్తే కరెంటు పోతుంది కాబట్టి ఈ గుణం నాకు ప్రాణం.

20 నిమిషాలకు ఒక కొలత. రోజుకు 72, వారానికి 504. ఒక్కో రికార్డుకు నాలుగు బైట్లు: ఉష్ణోగ్రతకు రెండు, అది ఎన్నో కొలతో చెప్పే వరుస సంఖ్యకు రెండు. వారం చివర ఎనిమిది ఉత్త రికార్డులు చేర్చితే 512 అవుతాయి. రెండు వారాలకు 1,024 రికార్డులు, అంటే సరిగ్గా 4,096 బైట్లు. చిప్పు అంచుదాకా నిండుతుంది, ఒక్క బైటు కూడా మిగలదు.

ఇలాంటివే ఇంకో జత నా దగ్గర ఉన్నాయి. గదిలోది కొలతలు రాసుకుంటూ పోతుంది. బల్ల మీది దానితో నేను ప్రోగ్రాం రాస్తాను.

ఏప్రిల్ 7

64 రికార్డులను బోర్డు మెమరీలోకి తెచ్చి, వేడిని బట్టి క్రమంలో పెట్టి, తిరిగి చిప్పులో రాయడం తేలిక. 256 బైట్లే కదా. ఆ తర్వాత 64, 64 కలిపి 128, ఆపైన 256, 512, చివరికి 1,024. జాన్ వాన్ నాయ్‌మన్ 1945లో రూపొందించిన మెర్జ్ సార్ట్ (కలుపుతూ క్రమంలో పెట్టే పద్ధతి) దారి ఇదే. క్రమంలో ఉన్న రెండు వరుసల మొదళ్లు పోల్చి, చిన్నదాన్ని తీసి కొత్త వరుసలో పెట్టుకుంటూ పోతే అయిపోతుంది.

ఆ కొత్త వరుస పెట్టడానికి చోటేది? చిప్పులో ఖాళీ లేదు. బోర్డు మీది ప్రాసెసరు ఏటీమెగా 328పీలో పని మెమరీ మొత్తం 2,048 బైట్లు. తెలివిగా చేస్తే చిన్న వరుసను మాత్రం పక్కకు తీసి కలపవచ్చు. కానీ నా చివరి విలీనంలో రెండు వరుసలూ 512 రికార్డులవే, అంటే 2,048 బైట్లు. బోర్డు మెమరీ అంతా ఇచ్చేస్తే తప్ప సరిపోదు. అలా ఇచ్చేస్తే ప్రోగ్రాం నడవడానికే చోటు ఉండదు.

ఇంటర్వ్యూల్లో తరచూ అడిగే ప్రశ్న ఒకటి గుర్తొచ్చింది: మొదటి అర్రే (వరుస) చివర రెండోదానికి సరిపడా ఖాళీ ఉంటే వెనక నుంచి పెద్దవాటిని నింపుకుంటూ రావాలి. అందమైన ఉపాయం. అయితే అందులో ఖాళీ ముందే ఇచ్చి ఉంచుతారు. నా ఇంట్లో బీరువా జరపాలంటే మంచం ఎత్తాలి, మంచం ఎత్తాలంటే బీరువా జరపాలి.

పెద్ద బోర్డు కొంటే ఈ గొడవే ఉండదని తెలుసు. ఉన్నదానితోనే చేయాలని ఉంది. ఈ లెక్క నన్ను పట్టుకుంది.

ఏప్రిల్ 9

ముందు అందరికీ తట్టే పద్ధతి ప్రయత్నించాను. రెండో వరుసలోంచి ఒక్కో రికార్డు తీసి, మొదటి వరుసలో దాని చోటు వెతికి, మిగతావాటిని ఒక్కో అడుగు వెనక్కి జరిపి దూర్చడం. అదనపు చోటు ఒక్క రికార్డుకు ఉంటే చాలు.

లాప్‌టాప్ నుంచి అతి చెడ్డ కొలతలు పంపాను: రెండో వారంలోని ప్రతి విలువ మొదటి వారంలోని ప్రతి విలువ కంటే తక్కువ. ఎన్నిసార్లు రికార్డులు జరిగాయో లెక్కించి తెర మీద చూపమన్నాను. ఎంతో సేపటికి పని ముగిసింది. తెర మీద సున్నా.

అరగంట కోడు వైపు చూశాక తెలిసింది. 512 రికార్డులు, ఒక్కొక్కటి 512 అడుగులు దాటాలి. మొత్తం 2,62,144. అది 65,536కు సరిగ్గా నాలుగు రెట్లు. ఊనోలో మామూలు పూర్ణాంకం 16 బిట్లదే, అందులో 65,536 వేర్వేరు విలువలే పడతాయి, అందుకే లెక్క నాలుగుసార్లు చుట్టు తిరిగి సున్నా దగ్గర ఆగింది. వేరే పరిమాణం ఎంచుకుని ఉంటే ఏదో ఒక అంకె కనిపించేది, నేను నమ్మేసేదాన్ని.

అసలు ఖర్చు ఈ చిప్పులో వేరే చోట ఉంది. ఇది 32 బైట్ల పేజీలుగా రాస్తుంది. పేజీకి ఎనిమిది రికార్డులు, మొత్తం 128 పేజీలు. ఒక పేజీ రాసిన ప్రతిసారీ 10 మిల్లీసెకండ్ల దాకా చిప్పు బదులు చెప్పదు. ఒక్క రికార్డు దూర్చడానికి 64 పేజీలు తిరగరాయాలి. 512 సార్లు అంటే 32 వేల పేజీలకు పైనే. దాదాపు ఐదున్నర నిమిషాలు. పైగా చిప్పు తట్టుకునే రాతలకు హద్దు ఉంది, పది లక్షల సార్లు. ఇక నుంచి నా కొలబద్ద పోలికల సంఖ్య కాదు, పేజీ రాతల సంఖ్య.

ఏప్రిల్ 12

గ్యాప్ పద్ధతి. డొనాల్డ్ షెల్ 1959లో ప్రచురించిన సార్టింగ్ పద్ధతికి ఇది దగ్గరి చుట్టం. రెండు వరుసలనూ ఒకే పొడవాటి వరుసగా చూసి, ముందు 512 దూరంలో ఉన్న జతలను పోల్చి, తప్పుగా ఉంటే మార్చాలి. తర్వాత 256 దూరం, 128, అలా 1 వరకు. పది విడతలు, మొత్తం 9,217 పోలికలు. అదనపు మెమరీ దాదాపు అక్కర్లేదు. కోడు పదిహేను పంక్తులు దాటలేదు.

ఒక్కో దూరానికి ఒక్క విడతే ఎందుకు సరిపోతుంది? దీన్ని నమ్మి వదిలేయబుద్ధి కాలేదు. అదృష్టవశాత్తూ ఈ పద్ధతి ఏ చోటును ఏ చోటుతో పోల్చాలో విలువలను చూడకుండా ముందే నిర్ణయించుకుంటుంది. అలాంటి పద్ధతులకు ఒక గొప్ప నియమం వర్తిస్తుంది: సున్నాలు, ఒకట్లు మాత్రమే ఉన్న వరుసలన్నిటినీ సరిగ్గా పేర్చగలిగితే ఏ విలువలనైనా సరిగ్గా పేర్చగలదు. క్రమంలో ఉన్న 512 సున్నా-ఒకట్ల వరుసలు 513 రకాలే. రెండు వరుసలకు 513 సార్లు 513, అంటే 2,63,169. లాప్‌టాప్‌లో అన్నిటినీ నడిపాను. ఒక్కటీ తప్పలేదు.

కారణం కాగితం మీద కూడా పట్టుకున్నాను. దూరం సగం చేసినప్పుడల్లా, అప్పటికే క్రమంలో ఉన్న రెండు గొలుసులు ఒకదానిలో ఒకటి అల్లుకుని కొత్త గొలుసు అవుతుంది. 512ను 1 దాకా ప్రతిసారీ సరిగ్గా సగం చేయవచ్చు కాబట్టి, మొదటి గొలుసులోని సున్నాలు రెండోదానిలోవాటి కంటే ఎప్పుడూ తక్కువ ఉండవు, ఎక్కువైతే రెండుకు మించవు. అంటే ఏ సున్నాకైనా ముందు ఒకే ఒక్క ఒకటి అడ్డుగా ఉండగలదు. ఒక్క విడత ఆ అడ్డును తొలగిస్తుంది. బేసి పొడవుల దగ్గర ఈ వాదన ఇలాగే నిలవదు, అందుకే వారానికి ఆ ఎనిమిది ఉత్త రికార్డులు ఉంచినందుకు ఇప్పుడు మరింత సంతోషం.

రాత్రి ఇంకో సంగతి బయటపడింది. సమాన ఉష్ణోగ్రతలున్న చోట కాలక్రమం చెదిరిపోతోంది. చిన్న ఉదాహరణతో పరీక్షించాను. మొదటి వరుసలో రెండు 30లు, రెండోదానిలో 29, 31. దూరం 2 విడతలో ముందున్న 30, 29తో చోటు మార్చుకుని రెండో 30కి వెనక పడింది. ఆ తర్వాత రెండు 30లూ సమానమే కాబట్టి అవి ఇక కదలవు. ఈ సెన్సరు డిగ్రీని 16 భాగాలుగా చూపుతుంది. గదిలో వేడి కొన్ని డిగ్రీల మధ్యే తిరుగుతుంది. వెయ్యి కొలతల్లో సమానమైనవి కుప్పలు తెప్పలుగా ఉంటాయి.

ఏప్రిల్ 13

సమానమైనవాటి క్రమం చెడకుండా, ఉన్నచోటే కలిపే పద్ధతుల కోసం రోజంతా చదివాను. 2004లో పోక్-సాన్ కిమ్, ఆర్నే కుట్స్‌నర్ ప్రచురించిన సిమ్‌మెర్జ్ చాలా నచ్చింది. గో అనే ప్రోగ్రామింగ్ భాషలో క్రమం చెడని సార్టింగ్‌కు వాడేది ఇదే. మధ్య భాగంలో రెండు వరుసల ముక్కలను గుండ్రంగా తిప్పి, ఎడమ సగాన్నీ కుడి సగాన్నీ విడివిడిగా మళ్లీ అలాగే చేస్తుంది. సీ++ లోని ఉన్నచోటే విలీనం కూడా బఫర్ (తాత్కాలికంగా పెట్టుకునే చోటు) దొరకనప్పుడు ఇలా తిప్పడం మీదే ఆధారపడుతుంది. కానీ తిప్పే ముక్కలు పేజీ అంచులను పట్టించుకోవు. ఎక్కడో మధ్యలో మొదలై ఎక్కడో మధ్యలో ఆగుతాయి. నా చిప్పుకు అది శిక్ష.

భోజనానికి లేస్తుండగా తట్టింది. ప్రతి రికార్డులో వరుస సంఖ్య ఉంది కదా! ఉష్ణోగ్రతను పై 16 బిట్లుగా, వరుస సంఖ్యను కింది 16 బిట్లుగా తీసుకుని మొత్తాన్ని ఒకే 32 బిట్ల సంఖ్యగా పోలిస్తే, రెండు రికార్డులు సమానమయ్యే ప్రశ్నే రాదు. కాలక్రమం దానంతటదే నిలుస్తుంది. ఏ పద్ధతికైనా ఆ భారం తగ్గిపోయింది. రోజంతా పద్ధతుల్లో వెతికింది నా రికార్డులోనే ఉంది.

ఇప్పుడు గ్యాప్ పద్ధతి పనికొస్తుంది. కానీ పేజీలుగా లెక్కేస్తే, పెద్ద దూరాల విడతల్లో ఒక్కో పేజీ రెండేసి సార్లు రాయాల్సి రావచ్చు. మొత్తం 1,922 రాతల దాకా, సుమారు 19 సెకండ్లు. ఐదున్నర నిమిషాల నుంచి ఇక్కడికి రావడం మంచిదే. ఇంకా తగ్గుతుందని మనసు చెబుతోంది.

ఏప్రిల్ 16

తగ్గింది. 1969లో సోవియట్ యూనియన్‌లో ఎం. ఏ. క్రోన్‌రాడ్ ప్రచురించిన ఆలోచన ఇది. ఎన్ని రికార్డులుంటే దాని వర్గమూలమంత పొడవున్న బ్లాకులుగా కోయడం. 1,024కు వర్గమూలం 32. ముప్పై రెండు రికార్డులంటే 128 బైట్లు, సరిగ్గా నాలుగు పేజీలు. నా చిప్పును చూసి రాసినట్లుంది.

క్రోన్‌రాడ్ కలపడానికి కావలసిన బఫర్‌ను కూడా డేటా లోపలి నుంచే అరువు తెచ్చుకుంటారు, అదనపు చోటు దాదాపు ఏమీ లేకుండా పని సాగడానికి. నాకు అంత అవసరం లేదు, రెండు బ్లాకులు పట్టేంత మెమరీ ఉంది. అందుకే నాది తేలిక రూపం.

మొదటి అంచె: మొదటి వారంలో 16 బ్లాకులు, రెండో వారంలో 16. ప్రతి బ్లాకు మొదటి రికార్డును మాత్రం చదివి, ఆ ముప్పై రెండింటినీ క్రమంలో పెట్టాలి. రెండు గుంపులూ అప్పటికే క్రమంలో ఉన్నాయి కాబట్టి 31 పోలికలకు మించవు. ఏ బ్లాకు ఎక్కడికి వెళ్లాలో 32 బైట్ల పట్టికలో రాసుకుని, ఒక బ్లాకును చేతిలో పట్టుకుని, ఖాళీ అయిన చోటికి రావాల్సినదాన్ని తెచ్చి, అది ఖాళీ చేసిన చోటికి ఇంకొకదాన్ని తెచ్చి, అలా వలయం ముగిసేదాకా. ఒక్కో బ్లాకు ఒక్కసారే రాస్తాం. 128 పేజీలు.

రెండో అంచె: మొదటి బ్లాకును మెమరీలోకి తీసుకుని రెండోదానితో కలపాలి. చిన్న 32 రికార్డులు మొదటి చోటులో రాసి, పెద్ద 32 చేతిలో ఉంచుకోవాలి. వాటిని మూడో బ్లాకుతో కలపాలి. అలా చివరి దాకా. మరో 128 పేజీలు.

ఇంత సులువుగా ఎలా సరిపోతుందో నాకు వెంటనే నమ్మకం కలగలేదు. ఒక రికార్డును తీసుకుందాం, అది మొదటి వారంలోదనుకుందాం. దానికంటే ముందుండి దానికంటే పెద్దవైనవి రెండో వారం బ్లాకుల్లోనే ఉండగలవు. ఆ బ్లాకుల్లోనూ చిట్టచివరిదానిలోనే. ఎందుకంటే దానికి ముందున్న రెండో వారం బ్లాకులన్నీ ఆ చివరి బ్లాకు మొదటి రికార్డు కంటే చిన్నవే, ఆ మొదటి రికార్డు మన బ్లాకు మొదటిదానికంటే చిన్నది. కాబట్టి ఏ రికార్డూ ఒక బ్లాకును మించి ముందుకు రానక్కర్లేదు, వెనక్కి వెళ్లాల్సినవి చేతిలోనే ఉండిపోతాయి. చేతిలో ఒక్క బ్లాకు పట్టుకుని నడిస్తే చాలు. ఇది అర్థమైనప్పుడు లేచి గదిలో నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాను.

మొత్తం 256 పేజీ రాతలు. రెండున్నర సెకండ్లు. ఒక్కో పేజీ రెండేసి సార్లే రాస్తాం. 1988లో హువాంగ్, లాంగ్‌స్టన్ ఇదే దారిని ఆచరణకు అనువుగా మలిచారు. వాళ్ల వ్యాసం పేరులోనే 'ఆచరణీయమైన' అన్న మాట ఉంది. ఈ రాత్రి ఆ మాట విలువ తెలిసింది.

ఏప్రిల్ 17

తెర మీద అత్యధిక ఉష్ణోగ్రత 2047.9 డిగ్రీలు. ఉత్త రికార్డుల్లో నేను పెట్టిన అతి పెద్ద విలువ 32,767 అది, 16తో భాగిస్తే ఇంతే వస్తుంది. చివరి 16 రికార్డులు వదిలి చదవమన్నాను. ఐదు నిమిషాల పని.

ఏప్రిల్ 19

రెండు రోజులు పోయాయి. ఉష్ణోగ్రతలు అద్దంలా క్రమంలో ఉన్నాయి. నా పరీక్ష 'సరే' అంటోంది. అయినా జాబితాలో ఒకే కొలత రెండుసార్లు కనిపిస్తోంది, కొన్ని కొలతలు మాయమయ్యాయి.

విలీనం తర్కాన్ని పదిసార్లు చదివాను. తప్పు అక్కడ లేదు. చెడినవన్నీ వరుస సంఖ్యలే, అవీ ప్రతి పేజీలో ఎనిమిదో రికార్డువే అని గమనించాక దారి దొరికింది. బోర్డుకూ చిప్పుకూ మధ్య బైట్లు పంపేది ఐ2సీ అనే తీగల పద్ధతి, దానికోసం బోర్డుతో వచ్చే లైబ్రరీ (ముందే రాసి ఉంచిన కోడు) ఒకసారికి 32 బైట్లే పంపగలదు. చిప్పుకు ముందు రెండు బైట్ల చిరునామా చెప్పాలి. మిగిలేది 30. నేను పంపే 32లో చివరి రెండు బైట్లు చప్పుడు లేకుండా రాలిపోతున్నాయి. ఆ రెండు బైట్లు ఎనిమిదో రికార్డు వరుస సంఖ్య. పాత విలువే అక్కడ మిగిలిపోతోంది.

పేజీని రెండు ముక్కలుగా రాస్తే సరిపోతుంది కానీ రాతలు రెట్టింపవుతాయి. అందుకని లైబ్రరీలో బఫర్ పొడవును 34కు పెంచాను. అలాంటి బఫర్లు లోపల ఐదు ఉన్నాయి, మొత్తం పది బైట్ల ఖర్చు.

పరీక్షను కూడా మార్చాను. క్రమంలో ఉందా అని మాత్రమే అడిగితే, అన్నీ ఒకే రికార్డుతో నింపినా 'సరే' అంటుంది. ఇప్పుడు 128 బైట్ల టిక్కుల పట్టిక ఉంది, 1,024 వరుస సంఖ్యలకు ఒక్కో బిట్టు. ప్రతి సంఖ్యా ఒక్కసారే కనిపించాలి. ఈ పరీక్ష మొదటి రోజే రాసి ఉంటే ఈ రెండు రోజులు మిగిలేవి.

ఏప్రిల్ 24

నిన్న సాయంత్రం ఈదురుగాలికి కరెంటు పోయింది. బల్ల మీది బోర్డు సరిగ్గా విలీనం మధ్యలో ఉంది. తిరిగి వచ్చేసరికి చేతిలో ఉన్న 32 రికార్డులు గల్లంతు. ఉన్నచోటే కలపడంలోని అసలు ప్రమాదం ఇది. పాత వరుస లేదు, కొత్తది పూర్తి కాలేదు.

ఏటీమెగా లోపల ఇంకో 1,024 బైట్ల చెరగని మెమరీ ఉంది. అందులో రెండు 128 బైట్ల గళ్లు కేటాయించాను. ప్రతి అడుగు తర్వాత చేతిలోని బ్లాకును ఒకసారి ఈ గడిలో, తర్వాతి సారి ఆ గడిలో రాసి, అన్నిటికంటే చివర అడుగు సంఖ్య రాస్తాను. కరెంటు వచ్చాక ఆ సంఖ్య చూసి, ఆ గడిలోని బ్లాకును తీసుకుని అదే అడుగు మళ్లీ వేయవచ్చు. ఎందుకంటే తర్వాతి బ్లాకు ఇంకా చెక్కుచెదరలేదు. ఎన్నిసార్లు వేసినా ఫలితం ఒకటే. మొదటి అంచెకు కూడా ఇదే పద్ధతి, అక్కడ పట్టికను కూడా భద్రపరచాలి.

ఖర్చు తక్కువేమీ కాదు. లోపలి మెమరీలో బైటుకు 3.3 మిల్లీసెకండ్లు, బ్లాకుకు 0.4 సెకండ్ల పైన. రెండో అంచె ఒక్కదానికే దాదాపు 13 సెకండ్లు కలుస్తాయి. రెండున్నర సెకండ్లకు దించానని మురిసిపోయిన నాకు ఇది కష్టంగా అనిపించింది. కానీ రెండు వారాలకోసారి జరిగే పని ఇది. పోయిన కొలత తిరిగి రాదు. ఆలస్యాన్నే ఎంచుకున్నాను.

ఈరోజు నలభై సార్లు ప్లగ్గు పీకాను, ఒక్కోసారి ఒక్కో చోట. నలభై సార్లూ టిక్కుల పట్టిక నిండింది.

మే 3

కొత్త ప్రోగ్రాం గదిలోని బోర్డుకు ఎక్కించి, ఏప్రిల్ 18 నుంచి అది రాసుకున్న కొలతల మీద నడిపాను. నాన్న పక్కనే నిలబడ్డారు. తెర మీద వేడి జాబితా ఒక్కో పంక్తి పైకి జరుగుతుంటే ఆయన ఉష్ణోగ్రతలకంటే వేళలే జాగ్రత్తగా చదివారు. మొదటి పదింటిలో మధ్యాహ్నం రెండు గంటలది ఒక్కటీ లేదు. అన్నీ సాయంత్రం ఐదు, ఏడు మధ్యవే. సంచి లోపలికి వేడి నెమ్మదిగా దిగుతుంది, బయట చల్లబడ్డాక కూడా లోపల పెరుగుతూనే ఉంటుంది.

"అయితే మనం పొద్దు గూకగానే కిటికీ మూయడం తప్పు" అన్నారు నాన్న. ఆ సాయంత్రం నుంచి కిటికీకి ఎలుకలు దూరకుండా ఇనుప జాలీ బిగించి, రాత్రంతా తెరిచి ఉంచుతున్నాం. తర్వాతి విలీనం మే 16న.